మనసును పట్టే రాక్షసుడు, అతని పన్నాగం: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: నమస్కారమండీ. మేము ఐదుగురు మిత్రులం ప్రతి ఆదివారం మా మేడ మీద పాత్రలు ధరించి పాచికలు వేస్తూ కథ సాగించే డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆట ఐదవ ఎడిషన్ ఆడుకుంటున్నాము. కథ నడిపే డంజన్ మాస్టర్‌ని నేనే. రాజుగారి కొలువులో మంత్రి వేషంలో మనసులను వశం చేసుకునే మైండ్ ఫ్లేయర్ అనే రాక్షసుణ్ణి పెట్టి, అది నెలల తరబడి రాజు మనసును గుప్పిట్లో ఉంచుకున్నట్లు కథ అల్లాను. రెండో ఆదివారానికే ఆటగాళ్లు మంత్రిని అనుమానించి, వెంటాడి, చంపేశారు. అంత తెలివైన రాక్షసుడు మామూలు బందిపోటులా చచ్చిపోయాడు. దీన్ని పన్నాగం నడిపే ప్రతినాయకుడిగా నిలబెట్టడం ఎలా?
— ఒక పాఠకుడు, పర్లాకిమిడి

జవాబు: మీ ఆటగాళ్ల చురుకుదనం కొంత కారణమే అయినా, మీరు ఆ రాక్షసుడికి హద్దు లేని శక్తిని కట్టబెట్టడమే అసలు కారణమని నాకు అనిపిస్తోంది. ఏ మనసునైనా ఎంతకాలమైనా పట్టి ఉంచగల ప్రాణికి పన్నాగంతో పనేముంది? ఆజ్ఞాపిస్తే పని జరిగిపోతుంది. జరిగిన ప్రతి పనీ తిన్నగా ఆ మంత్రి గుమ్మం దగ్గరకే దారి చూపిస్తుంది. శక్తి చాలని చోటనే ఎత్తుగడ పుడుతుంది. అందుచేత ముందుగా పుస్తకం తెరిచి, ఆ శక్తికి ఉన్న హద్దులను ఒక కాగితం మీద రాసుకోండి.

2014లో వచ్చిన, ఆటలోని రాక్షసుల వివరాల పుస్తకమైన మాన్‌స్టర్ మాన్యువల్ ప్రకారం మైండ్ ఫ్లేయర్ ప్రాణిని వశం చేసుకునే డామినేట్ మాన్‌స్టర్ మంత్రాన్ని రోజుకు ఒక్కసారే ప్రయోగించగలదు. ఆ మంత్రం ఒకే ప్రాణి మీద పనిచేస్తుంది; ప్రయోగించినవారి ఏకాగ్రత చెదరకపోతే ఎక్కువలో ఎక్కువ ఒక గంట నిలుస్తుంది; పట్టుబడిన ప్రాణికి దెబ్బ తగిలిన ప్రతిసారీ విడిపించుకునే అవకాశం వస్తుంది. అంటే మీ రాజు రోజుకు ఇరవై మూడు గంటలు స్వతంత్రుడే. పైగా, మంత్రం వదిలాక జరిగినదంతా మరచిపోతాడని ఆ వివరణలో ఎక్కడా లేదు. తన చేయి తన మాట వినకుండా రాజముద్ర వేసిన సంగతి అతనికి గుర్తుంటుంది.

ఇక్కడి నుంచి ఆలోచిస్తే పన్నాగం దానంతట అదే కదులుతుంది. ఆ ఒక్క గంటలో రాజు చేత ఏం చేయిస్తే అతను నోరు విప్పలేడు? సొంత తమ్ముడి మరణశాసనం మీద ముద్ర వేయించవచ్చు, తండ్రి దాచమన్న నిధి తాళం శత్రువుకు ఇప్పించవచ్చు. ఆ తరువాత మంత్రంతో పనే ఉండదు. ఎదుటివారి ఆలోచనలను చదివే డిటెక్ట్ థాట్స్ మంత్రాన్ని మైండ్ ఫ్లేయర్ ఎన్నిసార్లయినా వాడుకోగలదు కాబట్టి, ఎవరు ఏ రహస్యానికి భయపడుతున్నారో తెలుసుకుంటూ, ఆ భయాల మీదనే కొలువు మొత్తాన్ని నడుపుతుంది. రాజు సిగ్గుతోనూ, సేనాని అప్పుతోనూ, పురోహితుడు పాత పాపంతోనూ దానికి లోబడి ఉంటారు. వీరిలో ఎవరి మీదా ఏ మంత్రమూ ఉండదు గనుక మంత్రాల జాడ చూపే డిటెక్ట్ మ్యాజిక్ వేసి వెతికే ఆటగాడికి ఏమీ కనిపించదు. ఇక ముఖం నుంచి నాలుగు టెంటకిల్స్ వేలాడే ఆ ప్రాణికి రూపం మార్చుకునే శక్తి పుస్తకంలో లేదు. కొలువులో దాన్ని అసలు నిలబెట్టకండి. కోట కింద ఎక్కడో ఉండి, మంత్రి అనే మామూలు మనిషి చేత పని చేయించుకోనివ్వండి.

మంథర సంగతి ఒకసారి తలుచుకోండి. ఆమె కైకకు మందు పెట్టలేదు, మంత్రం వేయలేదు. కొడుకు గతి ఏమవుతుందోనన్న తల్లి భయాన్ని తట్టి లేపింది, ఎప్పుడో దశరథుడు ఇచ్చిన రెండు వరాలను సరైన రాత్రి గుర్తు చేసింది. మనసును పట్టే మీ రాక్షసుడు తన శక్తి వాడకుండా ఇంత పని చేయగలిగితేనే, ఆ శక్తిని వాడిన ఒక్క సందర్భం ఆటగాళ్లను నిజంగా భయపెడుతుంది.

మీకు రెండవ కథ అల్లుకునే ఓపిక ఉంటే, పన్నాగానికి మైండ్ ఫ్లేయర్ కన్నా అబోలెత్ అనే మరో రాక్షసజాతి ఎక్కువ అనువైనదని నా అభిప్రాయం. మైండ్ ఫ్లేయర్ 1975లో ద స్ట్రాటెజిక్ రివ్యూ పత్రిక తొలి సంచికలోనే ఆటలోకి వచ్చింది; అబోలెత్ 1981లో ఒక సాహస కథతో పాటు వచ్చింది. ఇది నీటిలో ఉండే ప్రాణి. పూర్వీకుల జ్ఞాపకాలు కూడా దానికి సంక్రమిస్తాయి. శరీరం నాశనమైతే దాని ఆత్మ జలలోకానికి వెళ్లి, రోజుల్లోనో నెలల్లోనో కొత్త దేహం ధరిస్తుంది. దేవతలు రాకముందు లోకాన్ని ఏలామని, వారి చేతిలో ఓడిపోయామని ఎన్నటికీ మరువని ప్రాణికి తొందర ఉండదు. తొందర లేని ప్రతినాయకుడే మంచి కుట్రదారు.

దాని హద్దులు ఇంకా రసవత్తరమైనవి. 2014 మాన్యువల్ ప్రకారం రోజుకు మూడుసార్లు మాత్రమే అది ఒక మనసును బానిసగా చేసుకోవడానికి ప్రయత్నించగలదు. ఆ మనిషి దాని కంటికి కనిపించాలి, 30 అడుగుల లోపల ఉండాలి. తప్పించుకోవడానికి వివేకం అనే గుణం మీద వేసే సేవింగ్ త్రోలో, అంటే పాచిక పరీక్షలో, కనీసం 14 రావాలి. వివేకం 10 ఉన్న సాధారణ పౌరుడు ఇరవై ముఖాల పాచిక వేస్తే తప్పించుకునే అవకాశం 35 శాతం. ఒకసారి పట్టుబడినవాడు ఎంత దూరంలో ఉన్నా అబోలెత్‌తో మనసులోనే మాట్లాడగలడు. అయితే మైలు దూరం దాటి వెళ్తే 24 గంటలకు ఒకసారి మళ్లీ పాచిక వేసుకోవచ్చు. లెక్క కట్టి చూడండి: మూడు రోజులు మైలు అవతల ఉన్న బానిస విడుదలయ్యే అవకాశం 72 శాతానికి పైగా ఉంటుంది. గుణుపురం నుంచి పర్లాకిమిడి దాకా కాలినడకన పోవాల్సినంత దూరం తన మనిషిని పంపడం అబోలెత్‌కు పెద్ద జూదం అన్నమాట.

అందువల్ల దాని సామ్రాజ్యం నీటి ఒడ్డున ఒక మైలు మేర ఉంటుంది. మీ ఊరిని ఆనుకుని మహేంద్రతనయ పారుతోంది కదా. అటువంటి నదినే మీ కల్పిత రాజ్యంలో పెట్టుకోండి. బల్లకట్టు నడిపేవాడు, రేవులో బట్టలు ఉతికేవాడు, సుంకం వసూలు చేసే గుమాస్తా దానికి బానిసలు. రాజధానిలో పని చేయవలసినవారు మాత్రం స్వేచ్ఛగా, ఆశతో చేస్తున్నవారు. తాను చూడగలిగిన మనిషి తనతో మనసులో మాట్లాడితే చాలు, అతని అతి పెద్ద కోరిక అబోలెత్‌కు తెలిసిపోతుంది. సంతానం కోరి నది ఒడ్డున మొక్కుకున్న జమీందారుకు నీటిలోంచి ఒక గొంతు జవాబు చెప్పిందనుకోండి, అతను ఇకపై ఏ మంత్రమూ అక్కరలేని భక్తుడు. ఆటగాళ్లు బానిసలను విడిపించగలరు కానీ ఆ జమీందారును దేని నుంచి విడిపిస్తారు? మీ కథలో అన్నింటికన్నా కష్టమైన సంభాషణ అక్కడ జరుగుతుంది, దానికి ఒక పూట మొత్తం కేటాయించినా తప్పు లేదు.

చివరగా ఒక పని తప్పకుండా చేయండి. ఆటగాళ్లు ఏమీ చేయకుండా కూర్చుంటే ప్రతి వారం ఆ రాక్షసుడి పథకం ఎంత ముందుకు పోతుందో ముందే రాసి పెట్టుకోండి: ఈ వారం రేవు సుంకం పెరుగుతుంది, వచ్చే వారం ఎగువ ఊళ్లకు ఉప్పు అందదు, ఆ పై వారం కరువుకు భయపడిన జనం పాత చెరువు గట్టు తెగ్గొట్టాలని తీర్మానిస్తారు. ఆటగాళ్లకు మొదట కనిపించవలసినవి ఈ పనులే; రాక్షసుడు చాలా ఆలస్యంగా కనిపించాలి.

ప్రశ్న: ఎవరి మనసు పరాధీనమైందో ఆటగాళ్లు కనిపెట్టడానికి ఎటువంటి ఆనవాళ్లు ఇవ్వాలి? మరీ తేలికగా ఇస్తే కథ చెడుతుంది, ఇవ్వకపోతే అన్యాయం అంటారు. మా బల్ల దగ్గర తెలుగు, ఒడియా రెండూ కలిపి మాట్లాడుకుంటాం. పరాధీనుడైన పాత్ర ఉన్నట్టుండి ఒడియాలోకి మారిపోయినట్లు చూపిస్తే బాగుంటుందా?
— ఒక పాఠకుడు, గుణుపురం

జవాబు: భాష మారడం మంచి ఊహే కానీ మన ప్రాంతంలో దాన్ని వాడవద్దని గట్టిగా చెబుతాను. తెలుగు, ఒడియా, సవర భాషలు ఒకే సంతలో వినిపించే చోట, ఏదో ఒక భాషను రాక్షసుడి గుర్తుగా చేస్తే మీ బల్ల దగ్గరే ఎవరో ఒకరి మనసు నొచ్చుకుంటుంది. దాని బదులు పిలిచే వరస మార్చండి. మనలో ఎవరిని ఏమని పిలుస్తామో అందులోనే బంధం మొత్తం ఉంటుంది. రోజూ బల్లకట్టువాణ్ణి “మావయ్యా” అని పిలిచే కుర్రాడు ఒక ఉదయం “పడవవాడా” అన్నాడంటే, నాయనమ్మను “నువ్వు” అనే మనవరాలు “మీరు” అన్నదంటే, చెవి ఉన్న ఆటగాడు తల ఎత్తుతాడు. దీనికి మీరు మొదటి రోజు నుంచే ఆ పాత్రల పిలుపులను స్థిరంగా వాడుతూ రావాలి. అలా వాడకపోతే మార్పు ఎవరికీ తెలియదు.

నియమాల్లోనే దొరికే ఆనవాళ్లు వీటికన్నా బలమైనవి. అబోలెత్‌కు బానిస అయినవాడు ఆట భాషలో రియాక్షన్ అనే పని చేయలేడు. పోరాటంలో అతని పక్క నుంచే శత్రువు పారిపోతున్నా కత్తి ఎత్తడు. ఈ సంగతిని పోరాటం బయట కూడా వాడుకోవచ్చు: చేతి మీద పడబోయే కుండను పట్టుకోడు, ఎవరో విసిరిన జామకాయకు పక్కకు ఒరగడు. దెబ్బ తగిలితే విముక్తి అవకాశం వస్తుంది కాబట్టి, రాక్షసుడు తన బానిసలను ముళ్లదారిలోకి, పొయ్యి దగ్గరకు, కొట్లాటలోకి పోనివ్వదు. నిన్నటి దాకా తాగి తగవులాడిన మనిషి ఈరోజు ఎవరు తిట్టినా దూరంగా జరిగిపోవడం ఊరికి సంతోషం కలిగిస్తుంది, ఆటగాళ్లకు మాత్రం కలిగించకూడదు.

అన్నింటికన్నా నాకు ఇష్టమైనది నీటి ఆనవాలు. అబోలెత్ టెంటకిల్ దెబ్బ తిని జబ్బు పడినవాడి చర్మం పారదర్శకంగా, జిగటగా మారుతుంది. పది నిమిషాలకు ఒకసారైనా తడుపుకోకపోతే ఒళ్లు కాలినట్లు గాయపడుతుంది. దీన్ని సుంకం గుమాస్తా మీద చూపిస్తే ఇలా ఉంటుంది. మండు వేసవి మధ్యాహ్నం అతను భుజాల మీద తడి తువ్వాలు కప్పుకుని కూర్చుంటాడు. కుడి చేతి పక్కన ఇత్తడి చెంబు, రెండు పద్దులు రాయడం, చేయి చెంబులో ముంచడం, మళ్లీ రాయడం. ఖాతా పుస్తకం అంచులు ఉబ్బి అలలు తేలి ఉంటాయి, సిరా ప్రతి అంకె చుట్టూ పాకి ఉంటుంది. నిండు చేతుల చొక్కా ఒక్కసారి పైకి జరిగితే మణికట్టు దగ్గర చర్మం కింద నరాలు కనిపిస్తాయి. ఎండకు తాళలేక తడుపుకుంటున్నాడని సరిపెట్టుకునే వీలు ఉంటుంది, తరువాత వెనక్కి తిరిగి ఆలోచిస్తే అన్నీ అతుకుతాయి. చెంబును దూరంగా పెట్టి అతణ్ణి మాటల్లో పెట్టాలని ఏ ఆటగాడికైనా తట్టిందంటే మీ శ్రమ ఫలించినట్లే, ఎందుకంటే ఆ బాధే అతనికి విముక్తి ద్వారం కావచ్చు.

ఆటగాళ్లకు తెలియవలసిన ప్రతి నిజానికి కనీసం మూడు ఆనవాళ్లు సిద్ధంగా ఉంచుకోండి. ఒకటి చూడరు, ఒకటి అపార్థం చేసుకుంటారు, మూడవది పట్టుకుంటారు.

ప్రశ్న: నేను ఆటగత్తెను. గత నెలలో మా డంజన్ మాస్టర్ నా పాత్రను ఒక రాక్షసుడి వశం చేసి, పూట మొత్తం తానే నడిపి, నా చేతనే నా స్నేహితురాలి పాత్రను పొడిపించారు. నియమాల ప్రకారం అది సరైనదే అన్నారు. నాకు ఆట మీదనే విరక్తి కలిగింది. నేను అతిగా బాధపడుతున్నానా?
— ఒక పాఠకురాలు, బరంపురం

జవాబు: లేదమ్మా, మీ బాధ న్యాయమైనది. ఈ ఆటలో ఆటగాడి చేతిలో ఉండేది తన పాత్ర ఒక్కటే. కొండలు, కోటలు, రాజులు, వర్షం అన్నీ డంజన్ మాస్టర్‌వే. ఉన్న ఆ ఒక్కటీ పూట మొత్తం లాక్కుంటే ఆడటానికి ఇంకేం మిగులుతుంది? నియమం అనుమతించినంత మాత్రాన అడగకుండా చేయవచ్చని కాదు.

మీరు ఆయనతో మాట్లాడేటప్పుడు నలోపాఖ్యానం ప్రస్తావించండి. కలిపురుషుడు నలుడిలో ప్రవేశించాడు, ద్వాపరుడు పాచికల్లో చేరాడు, నలుడు రాజ్యం ఓడిపోయాడు. అయినా అడవిలో నిద్రిస్తున్న దమయంతి చీర సగం కోసుకుని వెళ్లిపోయే ఘట్టంలో, కలి అతణ్ణి ముందుకు లాగుతుంటే ప్రేమ వెనక్కి లాగుతుంది. అతను వెళతాడు, తిరిగి వస్తాడు, మళ్లీ వెళతాడు. కలి లోపల ఉన్నా నలుడు నలుడిగానే ఉన్నాడు కాబట్టే ఆ ఘట్టం గుండెను పిండుతుంది. కర్కోటకుడి విషం లోపలి కలిని దహించడం, రుతుపర్ణుడి దగ్గర అక్షహృదయం నేర్చుకున్నాక కలి బయటకు రావడం చూస్తే, విముక్తి కూడా నలుడి కథలో భాగంగానే వచ్చింది.

బల్ల మీద దీనికి దారి ఉంది. వశమైన పాత్రను కూడా ఆటగాడే నడపాలి. డంజన్ మాస్టర్ ఒక చీటీ మీద రాక్షసుడి కోరిక మాత్రం రాసి ఇవ్వాలి: “ఈ రాత్రి ఎవరూ రేవుకు పోకూడదు.” దాన్ని ఎలా నెరవేర్చాలో, ఎక్కడ తడబడాలో ఆటగాడి ఇష్టం. నా అనుభవంలో చాలామంది ఈ అవకాశాన్ని సంతోషంగా అందుకుని, డంజన్ మాస్టర్ ఊహించని ద్రోహాలు చేస్తారు. ఇష్టం లేనివారికి ఆ అవకాశం ఇవ్వనే కూడదు. అందుకే కథ మొదలుకాక ముందు అందరూ కూర్చుని, మనసు పరాధీనం కావడం ఎవరికి సమ్మతం, ఏ హద్దు వరకు సమ్మతం అని అడిగి తెలుసుకోవాలి. బల్ల మధ్య ఎక్స్ గుర్తు వేసిన కార్డు ఒకటి పెట్టుకుని, దాన్ని ఎవరు తాకినా కారణం అడగకుండా ఆ ఘట్టాన్ని వదిలి ముందుకు పోయే పద్ధతి చాలా దేశాల ఆటగాళ్లలో ఉంది. మీ బృందంలోనూ మొదలుపెట్టమని కోరండి. వశీకరణ పేరుతో శృంగార ఘట్టాలు మాత్రం ఎవరి సమ్మతి ఉన్నదనుకున్నా పెట్టకపోవడమే మేలని నా దృఢమైన అభిప్రాయం.

ప్రశ్న: ప్రొటెక్షన్ ఫ్రమ్ ఈవిల్ అండ్ గుడ్ అనే మొదటి స్థాయి మంత్రం ఒక్కటి ఉంటే ఈ రాక్షసుల ఆట కట్టినట్లే కదా?
— ఒక పాఠకుడు, రాయగడ

జవాబు: 2014 నాటి నియమాల ప్రకారం ఆ మంత్రం అబోలెత్, మైండ్ ఫ్లేయర్ వంటి ప్రాణుల వశీకరణను పూర్తిగా అడ్డుకుంటుంది, నిజమే. కానీ పది నిమిషాలే నిలుస్తుంది, ఒక్కరినే కాపాడుతుంది, ప్రతిసారీ పుణ్యజలమో వెండి, ఇనుముల పొడో ఖర్చవుతుంది. పది నిమిషాల కోసం ఎవరిని కాపాడాలి, ఎప్పుడు కాపాడాలి అన్న తర్జనభర్జన ఆటకు మంచిదే. ఇంటెలెక్ట్ డివౌరర్ అనే మరో ప్రాణి ఎవరి శరీరంలోనైనా దూరి ఉంటే, ఈ మంత్రం వేయగానే అది బయటకు రావలసి వస్తుంది. అయితే అప్పటికే అది మెదడును తినేసి ఉంటుంది, కాబట్టి మిగిలేది శవమే. ఈ సంగతి తెలియని ఆటగాళ్లు మంత్రం వేయడానికి ముందే ఎవరో ఒక ముసలి పురోహితుడి చేత హెచ్చరించండి.

తెలివైన రాక్షసుడికి ఈ విరుగుళ్లు కూడా తెలుసు. వశీకరణను తొలగించే గ్రేటర్ రెస్టొరేషన్ మంత్రానికి 100 బంగారు నాణేల విలువైన వజ్రపు పొడి కావాలి. ఊరి నగల వర్తకుడి దగ్గర వజ్రపు పొడి అంతా ఎవరో ముందే కొనేశారన్న వార్త ఆటగాళ్ల చెవిన వేసి చూడండి. కొన్నది ఎవరో వెతుక్కుంటూ వారే రేవు దాకా వస్తారు.

ప్రశ్న: ఈ విదేశీ రాక్షసుల బదులు మన ఏజెన్సీ పల్లెలో చిల్లంగి పెట్టే మంత్రగత్తెను ప్రతినాయికగా పెట్టుకోవచ్చా? మా వాళ్లకు వెంటనే అర్థమవుతుంది.
— ఒక పాఠకుడు, జయపురం

జవాబు: దయచేసి పెట్టకండి. చిల్లంగి నెపంతో మనుషులను కొట్టి, వెలివేసి, చంపిన సంఘటనలు మన జిల్లాల్లో కథలు కావు. ఒడిశాలో 2013లో మంత్రగత్తెల పేరిట వేధింపుల నిరోధానికి ప్రత్యేక చట్టమే తేవలసి వచ్చింది. ఒంటరి ముసలావిడ నిజంగానే మనసులను పట్టి ఆడిస్తున్నదని మీ కథ చూపిస్తే, ఆ నేరాలు చేసినవారి నమ్మకాన్నే మీ బల్ల మీద నిజం చేసినట్లవుతుంది.

కథను తిప్పి రాయండి. మనసును పట్టే రాక్షసుడికి తన జాడ దాచుకోవడానికి ఒక నెపం కావాలి. పల్లెలో ఇద్దరు పిల్లలు జ్వరపడగానే, తన బానిస అయిన ఒక్క పెద్దమనిషి నోట “అదిగో ఆవిడే” అనిపిస్తే చాలు. మిగతా ఊరంతా ఏ మంత్రమూ లేకుండానే కర్రలు పట్టుకుంటుంది. ఆటగాళ్లు ఆ రాత్రి ఊరికి చేరుకోవాలి. ఆ మూకలో ఎవరు పరాధీనులు, ఎవరు సొంత భయంతో వచ్చినవారు అని తేల్చుకుంటూనే ఆవిడను కాపాడాలి. మూకను కత్తితో చెదరగొట్టడానికి వీల్లేదని, అందరూ రోజూ కనిపించే ఇరుగుపొరుగేనని ముందే స్పష్టం చేయండి. ఆవిడకు ఒక పేరు పెట్టండి, ఒక వృత్తి ఇవ్వండి, వీలైతే అంతకు ముందు రెండు మూడు ఆదివారాలు ఆవిడ ఇంట్లోనే ఆటగాళ్లు అంబలి తాగి బస చేసినట్లు నడపండి.